సుద్ద పిల్లలు

పొద్దుగూకే వేళకి గాష్పర్ తేనెపెట్టెల కొట్టంలోకి వెళ్లేవాడు. ఆల్ప్స్ కొండల కింద ఆ ఊళ్లో తేనెటీగలు లేని ఇల్లే లేదు కాబట్టి, అందులో వింతేమీ లేదు. ఒక్కో పెట్టె మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, చెవి ఆనించి, లోపలి రొద విని, "ఎలా ఉన్నార్రా బంగారాలూ?" అని అడిగేవాడు.

వంటింటి కిటికీలోంచి అది వింటూ బక్‌వీట్ సంకటి గెలికే పెళ్లాం పొలోనాకి ఒళ్లు మండిపోయేది. పెళ్లై ఇన్నేళ్లలో ఆమెను ఒక్కసారీ బంగారమనలేదు. కడుపు పండలేదని అత్తగారి దెప్పులు సరేసరి. అక్కడ చూస్తే ఒక్క రాణి ఈగ, రోజుకి వెయ్యికి పైగా గుడ్లు. పురుగుల మీద అసూయేమిటే అని తనను తానే తిట్టుకుంది. తిట్టుకున్నా తగ్గలేదు.

ఆ వసంతమంతా ముసురే. పొరుగింటి ముసలి త్సిల్కా పెట్టెలకి సుద్ద తెగులు తగిలింది. చెమ్మకి బూజు పట్టి, తేనెపట్టు గదుల్లోని పిల్లపురుగులు తెల్లగా బిగుసుకుపోయి సుద్దముక్కలవుతాయి. పట్టు ఊపితే గలగలమంటాయి. ఈగలు వాటిని ఒక్కొక్కటే మోసుకొచ్చి పెట్టె గడప మీద పారేస్తాయి.

"ముట్టుకోకమ్మా, మీ వాటికీ అంటుకుంటుంది," అంది త్సిల్కా ఊడుస్తూ.

"నాకేం భయం అవ్వా? నాకు పిల్లలు లేరుగా," అని నవ్వింది పొలోనా.

ముసలామె లోపలికెళ్లగానే గుప్పెడు ఏరి జేబులో వేసుకుంది. వాటిని నలిపి, గాష్పర్ అన్నిటికంటే ముద్దుచేసే పెట్టెలో చల్లింది.

కొన్నాళ్లకి ఆ పెట్టె మూగబోయింది. గాష్పర్ దాన్ని పెరట్లో తగలబెట్టి, రెండు రోజులు తిండి ముట్టలేదు. పొలోనాకి జాలి వేయలేదు సరికదా, ప్రాణం చల్లబడింది. పైగా ఆ నెలే ఆమె నెల తప్పింది. గాష్పర్ కొట్టానికి తాళం వేసి ఆమె చుట్టూ తిరగడం మొదలెట్టాడు. "బంగారం" అని కూడా పిలిచాడు. ఈ బిడ్డ ఉంటే ఇక ఈయన నావాడే అనుకుంది.

ఐదో నెలలో ఒక సాయంత్రం మళ్లీ ముసురు పట్టింది. కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగిస్తుంటే పులిసిన చెమ్మ వాసన ముక్కుకి తగిలింది. తెగులు పట్టిన పెట్టె వాసన... ఇంట్లోకెలా వచ్చింది?

గుమ్మం దగ్గర కాలికింద ఏదో చిట్లింది.

వంగి చూసింది. గడప మీద తెల్లటి ముక్క. పక్కన ఇంకోటి... ఇంకోటి... పడకగదిలోంచి వరసగా.

"గాష్పర్," అంది గుసగుసగా. "కొట్టం తాళం తీశావా?"

"లేదే. చీకట్లో తిరక్కు, వచ్చి పడుకో బంగారం."

వెళ్లి వెల్లకిలా పడుకుంది. ఒళ్లంతా చల్లగా ఉంది. గాష్పర్ మంచం అంచున కూర్చుని, ఆమె కడుపు మీద వేలి కణుపుతో రెండుసార్లు మెల్లగా తట్టాడు. చెవి ఆనించాడు.

అతని మొహంలో నవ్వు ఆగిపోయింది.

"ఏం వినిపిస్తోందయ్యా?"

ఇంకోసారి తట్టాడు.

"కదులుతున్నాడా? చెప్పవేం..."

"పొలోనా," అన్నాడతను. బంగారం అనలేదు. "నువ్వు... కదలకు."

భయంతో ఆమె పక్కకి ఒత్తిగిలింది.

లోపల గలగలమంది.