నాలుగో స్పీకరు

నాకు అనుమానం ఎక్కువ. పెట్రోలు బంకులో మీటరు మీద సున్నా కళ్ళారా చూస్తే గానీ పోయించుకోను. మా ఆవిడ ఊరికే నవ్వినా, ఎందుకు నవ్విందా అని ఆలోచిస్తానట. అలాంటివాణ్ణి సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. ఇంజనూ టైర్లూ అన్నీ తట్టి చూశాను. తలుపుల్లో ఏముందో మాత్రం చూడలేదు.

మా పాపకి ఆరేళ్ళు. కారు రాకముందు రోజూ నా గుండె మీద చెవి పెట్టి, ఆ చప్పుడు వింటూ నిద్రపోయేది. కారొచ్చాక మానేసింది. వెనక సీట్లో ఎడమవైపే కూర్చుని, వంగి తలుపులోని స్పీకరు జాలీకి చెవి ఆనించేది. పాట పెడితే, "ఆపు నాన్నా, వినబడట్లేదు" అని విసుక్కునేది. ఏం వింటున్నావే అంటే చెప్పదు. రానురాను మాతో మాటలే తగ్గిపోయాయి.

ఒకసారి నేనూ అక్కడ చెవి పెట్టాను. సన్నగా, ఎక్కడో లోపల, గరగర. స్పీకరు చిరిగిందనుకున్నాను. మార్పించేస్తే పిల్ల మళ్ళీ నా దగ్గరికొస్తుందని ఆశ. ఆ ఆశతోనే షాపుకి వెళ్ళాను.

ఆడియో షాపాయన ఎప్పుడూ నోట్లో స్క్రూలు పెట్టుకుని మాట్లాడతాడు.

"యాంప్లిఫయర్ కూడా అంటగడతావు, నాకు తెలుసు" అన్నాను ముందే.

"అక్కర్లేదు సార్. కారుతో వచ్చిన స్టీరియోకి శక్తి తక్కువ. ఆ కాస్తతోనే బాగా మోగే స్పీకర్లు ఉన్నాయి. చీమ చిటుక్కుమన్నా పలుకుతాయి."

అమ్మకం వద్దంటున్నాడంటే ఇంకేదో మతలబు ఉండే ఉంటుంది. "పాతవి నాలుగూ నా చేతికివ్వాలి" అని చెప్పి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. బయట వాన మొదలైంది. తలుపు లోపలి అట్టని డోర్ ప్యాడ్ అంటారు. దాన్ని క్లిప్పులతో సహా టకటకా ఊడదీసి, పాత స్పీకరు తీసి, కొత్తది బిగిస్తున్నాడు. మధ్యలో ఒక్కసారి టీ తాగడానికి లేచాను.

తిరిగొచ్చేసరికి వెనక ఎడమ తలుపు ముందు కదలకుండా కూర్చుని ఉన్నాడు. నోట్లో స్క్రూలు లేవు.

"ఇందులో స్పీకరు లేదు సార్."

"లేకపోవడమేంటి?"

"ఎవరో వైరుతో సహా పీకేశారు. కన్నం నిండా గుడ్డలు కుక్కారు. ఇదివరకెప్పుడో చేసిన పని." గొంతు తగ్గించాడు. "దీన్ని ఇలాగే మూసేద్దాం. మూడు చాలు. నాలుగోదాని డబ్బులు తిరిగిచ్చేస్తాను."

డబ్బులు తిరిగిస్తానన్నాడు! దొరికావురా అనుకున్నాను. నేను టీకి వెళ్ళిన సందులో స్పీకరు నొక్కేసి కథలు చెబుతున్నాడు. లేని స్పీకరు గరగరమంటుందా?

"నా కళ్ళముందే బిగించు" అన్నాను.

ఆ గుడ్డలు ముట్టుకోనన్నాడు. నేనే లాగి పారేశాను. అన్నీ తడిగా ఉన్నాయి. తడిసి ఆరని జుట్టు వాసన. ఆయన కొత్త స్పీకరుకి ఒక్క స్క్రూ బిగించి, ప్యాడ్ పైపైన ఆనించి, "వైరు రేపు లాగుతాను. ఈ రాత్రికి ఇది మోగదు" అన్నాడు. నా మొహం చూడలేదు.

పాపని అమ్మమ్మ ఇంటి దగ్గర ఎక్కించుకున్నాను. స్టీరియో పెట్టలేదు. దారంతా వైపర్ల చప్పుడే. అద్దంలో చూస్తే పిల్ల అప్పటికే జాలీ మీదికి వంగి ఉంది.

మా అపార్టుమెంటు సెల్లార్లో కారు ఆపాను. ఇంజను ఆగింది. ఎక్కడో పైపులోంచి నీళ్ళ చుక్కలు...

"ఉన్నావా..."

ఆడగొంతు. వెనకనుంచి. ఎంత స్పష్టంగా అంటే, ఆ మాటకి ముందు పీల్చిన ఊపిరి కూడా వినబడింది.

"ఉన్నా" అంది పాప మెల్లగా.

"ముందు కూర్చున్నది... ఎవరు?"

"నాన్న."

నా చేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి.

"నువ్వు చెప్పావే... ఆ గుండె... ఈయనదేనా?"

ఎలా దిగానో తెలీదు. వెనక తలుపు తెరిచి ప్యాడ్ లాగేశాను. స్పీకరు ఒక్క స్క్రూ మీద వేలాడుతోంది. వైరు లేదు. ఏ వైరూ లేదు. దాని మధ్యనున్న నల్లటి కాగితపు గిన్నె మాత్రం లోపలికి, బయటికి... నెమ్మదిగా... ఊపిరిలా.

పీకేశాను. చేతుల్లో ఇంకా కదులుతోంది. దాని నోరు మూయాలి, అంతే. రెండు చేతులతో గుండెలకి అదిమి నొక్కాను. గట్టిగా. ఇంకా గట్టిగా.

ఆగిపోయింది.

దాన్ని మూలకి విసిరేసి, పాపని ఎత్తుకుని మెట్లెక్కాను. అప్పుడు, ఇన్నాళ్ళకి, నా తల్లి తలవాల్చి నా గుండె మీద చెవి పెట్టింది. నాకు ఏడుపొచ్చేసింది.

"పోయింది బుజ్జీ. ఇంక రాదు" అన్నాను.

చిన్న చెయ్యి నా నోరు మూసింది.

"మాట్లాడకు నాన్నా. ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది."