ఏడో బావి

శుక్రవారం పొద్దున రహమత్‌బీ ఉగ్గానికి బొరుగులు నీళ్లలో వేసి, వంటింటి గడప మీద కూర్చుని మనసులో బావులు వెతుక్కుంటోంది. తూర్పు తోటలో ఒకటుంది. ఊరి కింద కురుబోళ్ల బావి ఉంది. చీనీతోట దగ్గరి మెట్లబావిలో ఈ మధ్య పిల్లలు ఈత కొడుతున్నారని విన్నది. జీడిపల్లి రిజర్వాయరుకు కాలువ నీళ్లు వచ్చినప్పటి నుంచి బెళుగుప్ప చుట్టుపక్కల పాత బావుల్లో కూడా ఊట తిరిగింది. పన్నెండేళ్ల కిందట ఈ నీళ్లన్నీ ఏమైపోయాయో అనుకుంది. ఆ ఆలోచనను అక్కడికే తుంచేసి బొరుగులు గట్టిగా పిండింది.

ఆమె భర్త బుడేన్ సాబ్‌ది తాతల నాటి పరుపుల పని. ఒకప్పుడు విల్లుతో దూది ఏకేవారు, ఇప్పుడు మిషను వచ్చింది. దూది నిలవ చేసే గది ఇంటి వెనక ఉంది. ఆ గదిలోకి రహమత్‌బీ అడుగు పెట్టదు. పెద్దకొడుకు సలీం పోయింది అందులోనే. ఆ ఇంట్లో ఇంకో వింత పద్ధతి కూడా ఉంది. బిందెలోంచి నీళ్లు వంచేటప్పుడు చప్పుడు కాకూడదు, అంచు వెంబడి సన్నగా జారవిడవాలి. రెండో కొడుకు తౌసిఫ్‌ను చేసుకుని వచ్చిన సిమ్రాన్, కరువుసీమ అత్తగారికి నీళ్లంటే ఇంత పొదుపు కాబోలు అనుకుని ఆ పద్ధతి నేర్చుకుంది. అది పొదుపు కాదు. నీళ్లు గుడగుడమన్నాయంటే చాలు, రహమత్‌బీకి వెనక గదిలోంచి గొంతు పూడుకుపోయిన మూలుగు వినిపిస్తుంది. అది ఎవరిదో ఆమెకు తెలుసు. పట్టపగలు వినిపించినా బెదరదు. చేతిలో పని ఆపి, అది ఆగేదాకా కూర్చుని, మళ్లీ పనిలో పడుతుంది.

సలీంకు ఏమైందని అడిగితే ఇంటిల్లిపాదీ ఒకటే మాట చెబుతారు, వంక దగ్గర గాలి సోకిందని. కడుపుకోత పడిన తల్లిని ఎవరు మాత్రం గుచ్చి గుచ్చి అడుగుతారు!

ఇప్పుడు మళ్లీ అదే ఇంట్లో కుక్క నోరు పెట్టింది. మొన్న సాయంత్రం సిమ్రాన్ వాకిట్లో ఒక కుక్కపిల్లకు రొట్టెముక్క వేస్తుంటే, అది ఆమె మణికట్టు కొరికి పారిపోయింది. సిమ్రాన్‌కు నాలుగో నెల. రహమత్‌బీ గాయానికి కారప్పొడి, సున్నం కలిపి పట్టించి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. తౌసిఫ్ పరుపుల బండి వేసుకుని కుందుర్పి వైపు ఊర్లు తిరగడానికి పోయాడు కాబట్టి దాచడం కష్టం కాలేదు.

ఇక మిగిలింది బావులు చూపించడం. కుక్క కరిచినవాళ్లు పరగడుపున, చెప్పులు లేకుండా బయలుదేరి, ఎవరితోనూ పలకకుండా, ఏడు బావుల్లోకి తొంగిచూడాలి. ప్రతి బావిలోనూ నీళ్లలో తమ మొహం తమకు కనపడాలి. అప్పుడు విషం దిగిపోతుందని రహమత్‌బీ అత్తగారు చెప్పేది, ఆమెకు వాళ్ల అత్తగారు చెప్పింది. ఈసారి ఏడు బావులూ నిండుగా ఉన్నాయి. ఈసారి ఎక్కడా లోపం జరగకూడదు.

వచ్చిన చిక్కల్లా కూతురు ముంతాజ్ రాత్రి బస్సుకు దిగడమే. ముంతాజ్ అనంతపురంలో ఒక పరిశోధన సంస్థలో పని చేస్తుంది. ఊరూరూ తిరుగుతుంది. జబ్బు చేస్తే జనం ముందు ఎవరి దగ్గరికి పోతారు, డాక్టరు మాట నమ్ముతారా, జాతరలో భజన పాటల్లో విన్నది నమ్ముతారా, ఇంట్లో ఎవరైనా పోతే అసలేం జరిగింది, ఇట్లాంటివన్నీ అడిగి తెలుసుకుంటుంది. "ఊరోళ్ల ఏడుపులు అడుక్కోను జీతమిస్తారంట, కలికాలం!" అని రహమత్‌బీ ఇరుగమ్మ పొరుగమ్మలతో నవ్వేది. ఇన్ని ఇళ్లలో అడిగిన కూతురు తమ ఇంట్లో మాత్రం ఎన్నడూ అడగలేదు. అన్న పోయినప్పుడు ముంతాజ్ కొత్తచెరువులో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. వచ్చేసరికి మట్టి చేసేశారు.

ముంతాజ్ ఇంకా నిద్ర లేవలేదనుకుని, రహమత్‌బీ కోడలికి కళ్లతోనే సైగ చేసింది. ఇద్దరూ చెప్పులు విడిచి వాకిలి దాటబోయారు.

"యాడికి పోతాండారు, పొద్దున్నే?" వెనక నుంచి ముంతాజ్ గొంతు.

ఇద్దరూ పలకలేదు. సిమ్రాన్ చేతిని కొంగులోకి లాక్కుంది.

"ఏమ్మా, మిమ్మల్నే. ఇద్దరూ నోట్లో ఏమి పెట్టుకున్నారు? వదినా, ఆ చెయ్యి చూపించు."

ముంతాజ్ వచ్చి కొంగు తీసింది. ఎండి పెళ్లలు కట్టిన సున్నం, దాని కింద ఎర్రగా వాచిన పంటిగాట్లు.

"కుక్కేనా? ఎప్పుడు కరిసింది? మాట్లాడు వదినా!"

సిమ్రాన్ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి గానీ పెదవి విప్పలేదు, అత్త వైపే చూస్తోంది.

"దాన్ని మాట్లాడిచ్చద్దే! మాట్లాడితే ఫలితం పోతాది!" రహమత్‌బీ అరిచేసి, చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పద్ధతి తనే చెడగొట్టింది.

"ఫలితమా? అమ్మా, ఇప్పుడే ఆసుపత్రికి పోవల్ల. ఆటోను పిలుస్తా."

"సూదులు వద్దు. కడుపులో బిడ్డ ఉండాది, ఏమన్నా అయితే నీ ఆఫీసోళ్లు తెచ్చిస్తారా? బాయిలు చూసొస్తే సాలు."

"సాలదమ్మా. ఇది ఆటలు కాదు. ఆ జబ్బు ఒకసారి వచ్చిందంటే ఏ డాక్టరూ ఏమీ చేయలేడు."

"ఆ కూతలు ఈ ఇంట్లో కూయద్దు!"

"మరి అన్నకు ఏమైంది? అన్నను కూడా కుక్క కరిసిందంట గదా, మేనత్త ఎప్పుడో నోరు జారింది."

"మీ అన్నను గాలి కొట్టింది. గాలే కొట్టింది!"

"గాలి కొట్టింటే, వదినను బాయిలకాడికి ఏంటికి తీస్కపోతాండావ్? నీకు దేనికి భయం?"

రహమత్‌బీ అరుగు మీద కూలబడింది. సిమ్రాన్ మాత్రం గడప దగ్గరే నిలబడి ఉంది. ముంతాజ్ చెయ్యి పట్టి లాగినా కదల్లేదు. అత్త ఊ అనకుండా ఆ పిల్ల వాకిలి దాటదు. ఈ సంగతి ముంతాజ్‌కూ అర్థమైంది. అమ్మను ఒప్పించకపోతే వదిన దక్కదు.

ఆమె వచ్చి తల్లి ఎదురుగా నేల మీద కూర్చుంది. పరాయి ఇళ్లలో ఎట్లా కూర్చుంటుందో అట్లాగే.

"అమ్మా, అన్నకు ఏమి జరిగిందో నువ్వే చెప్పు. నేను మధ్యలో ఒక్క మాట మాట్లాడను."

వెనక గదిలో మిషను చప్పుడు ఆగింది. బుడేన్ సాబ్ గడ్డానికి దూది అంటుకుని ఉండగానే వచ్చి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

"వాడు నవ్వుతానే వచ్చినాడు నా ఎంబడి," అని రహమత్‌బీ మొదలుపెట్టింది. "నా మొగం ఎట్లుంటాదో నాకు తెల్దా, బాయిలో చూసుకోవల్లా అన్యాడు. పలకద్దని నోటిమింద ఏలు పెట్టినా. ఎండలో తిరిగినాం, తిరిగినాం. ఆరు బాయిల్లో అడుగున పాచినీళ్లన్నా కనపడినాయి. ఏడోది యాడా దొరకలే. ఆ ఏడు కరువు గదా, బాయిలన్నీ రాళ్లు తేలినాయి. వాని కాళ్లు బొబ్బలెక్కె. ఇంగ సాల్లే అని ఒట్టిబాయిలోకే తొంగి చూడమన్యా. దుమ్ము తప్ప ఏమీ కనపడలే వానికి. ఇంటికొచ్చి మీ నాయనకు ఏడూ అయినాయని చెప్పినా."

ఆమె ఆగింది. ముంతాజ్ మాట ఇచ్చినట్టే నోరు మెదపలేదు.

"నెల తిరక్కముందే జరమొచ్చె. నీళ్లడిగినాడు. చెంబు తీస్కపోతే గొంతు పట్టుకుని అరిసినాడు. నా చేయి తోసేసినాడే! ఊరోళ్లు వచ్చి ఆ గదిలో పెట్టి గడియేసినారు. లోపల్నుంచి అమ్మా నీళ్లు, అమ్మా నీళ్లు అంటాడు. తీస్కపోతే దయ్యాన్ని చూసినట్ల బెదురుతాడు. నేను అబద్ధం చెప్పినానని వానికి తెలుసు. వానికొక్కనికే తెలుసు. అందుకే పొయ్యేటప్పుడు కూడా నా చేతి నీళ్లు ముట్టలే నా బిడ్డ. ఇప్పటికీ ఆ గదిలో నీళ్లు నీళ్లు అంటానే ఉండాడు. నేనెట్ల పోయేది లోపలికి? ఏ మొగం పెట్టుకుని ఇచ్చేది?"

ముంతాజ్ తల్లి రెండు చేతులూ పట్టుకుంది. ఇన్నేళ్లుగా ఎందరో తల్లులు ఆమె ముందు ఇట్లాగే కూర్చుని చెప్పారు. వాళ్లెవరి చేతులూ ఆమె ఇట్లా పట్టుకోలేదు.

"అది నీమింద కోపం కాదమ్మా. ఆ జబ్బు వచ్చినోళ్లు ఎవరు ఇచ్చినా నీళ్లు తాగలేరు. దాహమైతాది. నీళ్లు చూస్తే గొంతు బిగుసుకుంటాది. ఆ చప్పుడుకే వణికిపోతారు. అన్న నిన్ను తోసెయ్యలే. నువ్వంటే అన్నకు ఏ కోపమూ లే. ఏడో బాయి నిండా నీళ్లుండినా అట్లే అయ్యేది."

రహమత్‌బీ భర్త వైపు చూసింది. బుడేన్ సాబ్ గుంజ వదిలి, ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"ఆ ఏడు ఈ చుట్టుపక్కల ఏడు బాయిల్లో నీళ్లు యాడుండాయి, రహమత్?" అన్నాడు నెమ్మదిగా. "నువ్వు చెప్పినప్పుడే నాకు తెలుసు. అబద్ధమని తెలిసీ ఏమీ అనలే. అంటే నన్ను నేను కూడా అడుక్కోవాల్సొచ్చేది, ఆసుపత్రికి ఏంటికి తీస్కపోలేదని. గడియేసింది ఊరోళ్లు కాదు, నేను. ఆ గదిలో పని చేస్తానే ఉండా ఇన్నేళ్లూ. నాకూ వినపడతాది."

ఆలుమగలు ఒకే గొంతు ఇన్నేళ్లూ విడివిడిగా విన్నారు, ఒకరికొకరు చెప్పుకోలేదు. రహమత్‌బీ ఆయన భుజం మీద తల పెట్టి, కొడుకు పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది. సిమ్రాన్ గడప దగ్గరే కూర్చుండిపోయింది.

ఏడుపు కాస్త తగ్గాక రహమత్‌బీ తల ఎత్తింది.

"అయితే, ఆ పొద్దే సూది వేయించింటే?"

ఇట్లాంటి ప్రశ్నకు జవాబు చెప్పొద్దని ముంతాజ్‌కు ఆఫీసులో ముందే నేర్పించారు. పెద్దసార్లు చూసి చెబుతారని చెప్పి లేచి రావాలి. బయటి ఇళ్లలో ఆమె అట్లాగే లేచి వచ్చింది. ఇక్కడ లేచి ఎక్కడికి పోతుంది? అబద్ధం చెబితే అమ్మకు ఈపూట నెమ్మది. కానీ అమ్మ మళ్లీ బావులనే నమ్ముతుంది.

"బతికేటోడమ్మా," అంది.

బుడేన్ సాబ్ రహమత్‌బీ చేతి మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"సిమ్రాన్, చెప్పులేసుకో. ముంతాజ్, బిన్నా ఆటోను పిలువు. తౌసిఫ్‌కు ఫోన్ చేసి చెప్పండి, నేను దాచిపెట్టినానని కూడా చెప్పండి."

కళ్యాణదుర్గం ఆసుపత్రిలో నర్సు కృపాకుమారి ముందు ఆ కారం, సున్నం అంతా సబ్బుతో, ధారగా నీళ్లు వదిలి కడిగించింది. కడుపుతో ఉన్నవాళ్లకు కూడా ఈ సూదులు వేస్తామని, బిడ్డకు ఏమీ కాదని, మిగతా సూదులకు చెప్పిన రోజున తప్పకుండా రావాలని చెప్పింది. సూది దిగుతున్నప్పుడు సిమ్రాన్ కళ్లు మూసుకుంది. రహమత్‌బీ మాత్రం రెప్ప వేయకుండా ఆ సూదినే చూసింది. ఇంత చిన్నదా అనుకుంది. ఇది వేయించకుండానా నేను వాణ్ని ఎండలో అంత దూరం నడిపించింది అనుకుంది.

బయట బెంచీల మీద వరస పెద్దదిగా ఉంది. చివర్లో కుందుర్పి దగ్గరి పల్లె నుంచి వచ్చిన శివప్ప, ఆయన భార్య మారెక్క కూర్చుని ఉన్నారు. గొర్రెల దగ్గర కుక్క శివప్ప పిక్క పట్టిందట. శివప్ప విసుగ్గా లేచాడు.

"ఎంతసేపప్పా ఈడ? గీసుకున్నేదానికి ఇంత రాద్ధాంతమా! పా మారెక్కా, మనూర్లో బాయిలు చూసుకుంటే అదే పోతాది."

మారెక్క సంచీ సర్దుకుని లేచింది. ఇద్దరూ మెట్ల దాకా వెళ్లిపోయారు.

ముంతాజ్ కన్నా ముందు రహమత్‌బీ లేచింది. పరుగులాంటి నడకతో పోయి మెట్లకు అడ్డంగా నిలబడింది.

"పోవద్దండి."

"నువ్వెవరమ్మా? అడ్డం లే."

"నా పెద్దకొడుకు మీ మాదిరే బాయిలకు పోయినాడు. నేనే తీస్కపోయినా."

మారెక్క ఆమె మొహంలోకి చూసింది. "ఏమైంది మా మీ కొడుకుకు?"

ఇన్నేళ్లుగా అలవాటైన మాట రహమత్‌బీ నాలుక చివరికి వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది. వరసలో ఉన్నవాళ్లంతా వింటున్నారని ఆమెకు తెలుసు. ఈ మాట తనకంటే ముందే బెళుగుప్ప చేరుతుందని కూడా తెలుసు.

"గాలీ కాదు, దయ్యమూ కాదు. కుక్క కరిసింది. నేను సూది వేయించలే, సచ్చిపోయినాడు," అంది. "కూర్చో నాయనా, నీకు దండం పెడతా. నీ భార్యను నా మాదిరి చెయ్యద్దు."

గోడ వైపు తిరిగిన ముంతాజ్ భుజాలు కదులుతున్నాయి. మారెక్క సంచీ కింద పెట్టి మొగుడి చెయ్యి పట్టుకుంది. శివప్ప తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, వరస చివరికి పోయి కూర్చున్నాడు. ఆయన పేరు పిలిచే వరకు రహమత్‌బీ మెట్ల దగ్గర నుంచి కదల్లేదు.