కొత్త జంటకు పిలుపులు

"ఆ ఊళ్లోనన్న నాతోని నాలుగు మాటలు మాట్లాడుతవా?"

పరకాల బస్సులో సిద్దిరాములు అడిగితే, కమల కిటికీలోంచి చూస్తూనే నవ్వింది. "నోరు ఈడనే ఉన్నది, ఎటు పోతది?"

అది డెబ్బై ఎనిమిది వానాకాలం. వాళ్ల పెళ్లయి నెల కావస్తోంది. కొత్తవాడలో వాళ్లది జంపఖానాలు నేసే ఇల్లు. పగలంతా మగ్గాల చప్పుడు, ఇంటినిండా జనం. భార్యను కళ్లారా చూసుకోవాలన్నా అమ్మ ఎదుటే, వదిన ఎదుటే. అందుకే మేనత్త రాములవ్వ రమ్మని కబురు పెట్టగానే సిద్దిరాములు ఎగిరి గంతేశాడు. పరకాల అవతల, పొలాల మధ్య చిన్న ఊరు. అక్కడ కమల పక్కన నడవొచ్చు. నువ్వంటే నాకు ప్రాణమని ఒక్కసారి చెప్పొచ్చు. అంతకంటే అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

ఊరు నిజంగానే నిశ్శబ్దంగా ఉంది. మనుషులే అలా లేరు.

కొత్త జంట వస్తే ఇంటింటికీ పిలిచి అన్నం పెట్టడం అక్కడి మర్యాద. వద్దంటే అలుగుతారు. ఒక ఇంట్లో కోడికూర, ఇంకో ఇంట్లో భక్ష్యాలు. గడప దాటగానే ఆడవాళ్లు కమలను లోపలికి లాక్కుపోయేవాళ్లు. అతను అరుగు మీద మగవాళ్ల మధ్య కూర్చుని మక్కచేన్ల కబుర్లు వినేవాడు. లోపల్నుంచి ఆమె నవ్వు వినిపించేది. అది వింటుంటే బెంగ ఇంకా పెరిగేది.

ఒకసారి ఆమె మంచినీళ్ల చెంబుతో బయటికొచ్చింది.

"కమలా, జర ఆగరాదు!"

"బిడ్డా, బొట్టు పెట్టించుకుందువు రా!" లోపల్నుంచి రాములవ్వ కేకేసింది.

కమల కళ్లతోనే వెక్కిరించి వెళ్లిపోయింది. ఆమెకేం, హాయిగానే ఉంది అనుకున్నాడతను. కొంచెం కోపమొచ్చింది, చాలా దిగులేసింది.

సాయంత్రం మామ కట్టయ్య ఎడ్లబండి కట్టాడు. బండిలోనూ ఇద్దరి నడుమ రాములవ్వే కూర్చుంది.

"మబ్బు పట్టింది, మేం పోతం బిడ్డా. ఇగ ఆఖరి బస్సు వస్తది" అని రోడ్డు మీద దింపి వెళ్లిపోయారు.

నెల రోజుల్లో మొదటిసారి ఇద్దరే మిగిలారు. సన్నగా జల్లు మొదలైంది. పొద్దుట్నుంచి మనసులో అనుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. అంతలో మలుపులో బస్సు కనిపించింది. మళ్లీ అదే ఇల్లు, అదే చప్పుడు. సిద్దిరాములు ఉసూరుమంటూ చెయ్యెత్తాడు.

కమల ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. బస్సు ఆగకుండా పోయింది.

"అదే ఆఖరిది!"

"ఎరుకే."

"మరెట్ల?"

"మళ్ల రాములవ్వ అత్త ఇంటికే నడిచి పోదాం. రెండు మైళ్లేనట, మామను అడిగిన. పొద్దుగాల మొదటి బస్సుకు ఇంటికి పోవచ్చు." ఆమె అతని చెయ్యి వదల్లేదు. "నీకొక్కనికే బెంగ అనుకున్నవా? ఆ ఆడోళ్ల నడుమ కూసోని, అరుగు మీద నీ గొంతు ఇనొస్తదేమోనని చెవులు అటే పెట్టిన."

అప్పుడు చెప్పేశాడు. జల్లులో తడుస్తూ, తడబడుతూ, అనుకున్నదంతా చెప్పేశాడు. కమల తల వంచుకుని విన్నది. చెప్పిన ఉత్సాహంలో అతని అడుగులు వడివడిగా పడ్డాయి.

"జర మెల్లగ నడువయ్యా" అంది కమల. "ఊరు జల్ది వస్తది."