కాల్ కలిసేలోపు

హత్యకు గురైన రోజున బామ్మర్ది తన అక్కతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. పరాయి దేశంలో ఒక అద్దె గది, కిటికీ పక్కన కుర్చీ. "బావ ఇంకా గురక పెడుతున్నాడా అక్కా?" అన్నాడు. ఆమె నవ్వి జవాబు చెప్పబోయేలోగా గాజు పగిలిన చప్పుడు. ఆ తరువాత ఎవరో నింపాదిగా నడిచిన చప్పుడు. ఆమె చాలాసేపు ఫోన్ పెట్టేయలేదు.

ఆ బావ గూఢచారి విభాగంలో సీనియర్ ఏజెంట్. ఆఫీసులో అందరూ మౌని అంటారు. బామ్మర్ది పనిచేసిందీ ఆ విభాగానికే, విదేశంలో ఏజెంటుగా.

"'దగ్గర' అనే యాప్," అన్నాడు చీఫ్ మౌనితో, తలుపు వేసి. "మొబైల్ డేటా మీద నడిచే చౌక ఇంటర్నెట్ కాల్. విదేశాల్లో ఉన్న మన ఏజెంట్లంతా ఇళ్ళకు దాన్నుంచే మాట్లాడుతున్నారు."

"ఆఫీసు లైన్ ఉండగా?"

"ఆఫీసు లైన్‌లో ఇంటికి మాట్లాడితే ఆడిట్ వాళ్ళు వివరణ అడుగుతారు. మనవాళ్ళు తుపాకీకి భయపడరు గానీ ఆడిట్‌కు భయపడతారు. మన రికార్డులో పడకపోతే ఎవరి రికార్డులోనూ పడనట్టే అనుకున్నారు."

ఆ యాప్‌ను నడిపేది శత్రుముఠా. కాల్ కలవగానే గొంతును గుర్తుపట్టి, లొకేషన్‌ను ఆ దగ్గర్లో ఉన్న హంతకుడికి పంపుతుంది. బామ్మర్దితో పరీక్షించి చూసుకున్నారు. ఆదివారం ఉదయం మిగతా ఏజెంట్లందరూ ఇళ్ళకు ఫోన్ చేస్తారు.

"ముందే కబురు చేద్దాం సార్."

"విదేశాల్లో ఉన్నవాళ్ళకు మనంగా కబురు పంపకూడదు, వాళ్ళు పలికితేనే మనం పలకాలి. ఆ రూలు రాసింది నేనే."

"సర్వర్ పీకేస్తే?"

"ఇంకో దేశంలో దాని జోడు ఉంది. ఇది పడితే అది లేస్తుంది. లోపల మన మనిషి ఒకామె ఉంది. కోయిల."

"మన మనిషేనా?"

చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "వాళ్ళూ అదే అనుకుంటున్నారు."

ఆదివారం ఏసీ మెకానిక్ వేషంలో మౌని ఆ యాప్ సర్వర్లున్న భవనం పైఅంతస్తుకు చేరాడు. చల్లటి గది, వరసగా సర్వర్లు, మూల అద్దాల స్టూడియో. అందులో సిల్కు స్కార్ఫు కట్టుకున్న ఒకామె మైకు ముందు కూర్చుని ఉంది. 'మీ కాల్ కలుపుతున్నాం, దయచేసి వేచి ఉండండి' అని లక్షల మంది వినే గొంతు ఆమెదే.

"చలి ఎక్కువైందని ఫిర్యాదు వచ్చింది," అన్నాడు.

"చలి కాదు, ఈదురుగాలి." కోడ్ సరిపోయింది. ఆమె నవ్వింది. "నన్ను నమ్మి వచ్చారా?"

"వేరే దారి లేక వచ్చాను."

"నిజం చెప్పే మెకానిక్‌ని ఇప్పుడే చూస్తున్నా."

గోడ మీది తెరపై ఆకుపచ్చ చుక్కలు ఒక్కొక్కటిగా వెలగసాగాయి. ఏజెంట్లు డేటా ఆన్ చేస్తున్నారు.

"కాల్ కలవకముందే వాళ్ళకు వినబడేది మీ గొంతు," అన్నాడు మౌని. "'వడగళ్ళు' అన్న మాట చాలు. పారిపొమ్మని మా సంకేతం."

"అది అన్నాక నాకిక్కడ పని ఉండదు."

"ప్రాణం ఉండొచ్చు."

"హామీనా?"

"కాదు."

బయట బూట్ల చప్పుడు. మౌని స్క్రూడ్రైవర్ పిడిలోని పరికరాన్ని తలుపుకు ఆనించాడు. ఎలక్ట్రానిక్ తాళం బిగుసుకుపోయింది. అవతల ఎవరో తలుపు మీద గుద్దారు, ఆ వెంటనే కాల్చారు. స్టూడియో అద్దం బీటలు వారింది.

ఆమె రోజూ వినిపించే రికార్డింగ్ ఆపి మైకు తీసుకుంది. "వడగళ్ళు పడుతున్నాయి. ఫోన్ పారేసి ఉన్నచోటు వదలండి."

చుక్కలు ఆరిపోతూ వచ్చాయి. ఒక్కటి మాత్రం ఆరలేదు. 'కలుస్తోంది' అని దాని పక్కన అక్షరాలు వెలిగాయి.

"ఒరేయ్, నీకే చెప్పేది!" అని అరిచింది కోయిల. "అమ్మతో రేపు మాట్లాడుదువుగాని, పెట్టెయ్!"

చుక్క ఆరింది. మౌని ఆమె చెయ్యి పట్టుకుని ఏసీ పైపుల పక్కన ఉన్న ఇనుప నిచ్చెన మీదుగా కిందికి దింపాడు. అప్పటికే చీఫ్ మనుషులు మెట్లెక్కుతున్నారు.

"అందరూ క్షేమం," అన్నాడు చీఫ్ సాయంత్రం. "ఇళ్ళల్లో మాత్రం ఫోన్ రాలేదని గాభరా పడుతున్నారు. ఇకమీదట ఆఫీసు లైన్‌లో మాట్లాడుకోనివ్వమని పైఅధికారులకు ఫైలు పంపాను."

"ఏమన్నారు?"

"ఇంతకంటే చౌక దారి లేదా అని అడిగారు."

ఆ ఫైలు మీద ఇంకా సంతకం కాలేదు.