ఏడు పేర్లు, ఒక సూదిమొన

బార్బర్ షాపులో మూడో కుర్చీలో కూర్చున్న మనిషి, గడ్డం సగం గీయించుకుని చచ్చిపోయాడు.

మంగలి వేడినీళ్ల కోసం లోపలికెళ్లి వచ్చేసరికి అంతా అయిపోయింది. చప్పుడు లేదు. కిటికీ అద్దానికి చొక్కా గుండీ అంత రంధ్రం. ఎడమ చెంప మీద నురగ ఇంకా ఆరలేదు. చేసినవాళ్లెవరో గానీ చాలా పొందికగా చేశారు.

గంట తర్వాత చీఫ్ గదిలో బ్రీఫింగ్ మొదలైంది. చీఫ్‌కి ఎదురుగా కూర్చున్న ఏజెంట్ కోడ్‌నేమ్ గునపం. ఇరవై రెండేళ్ల సర్వీసులో అతను తాళంచెవితో తెరిచిన తలుపుల కంటే భుజంతో తెరిచినవే ఎక్కువ. పేరు అలా వచ్చింది.

"చచ్చినవాడు మనవాడే," అన్నాడు చీఫ్. "మన ల్యాబులో టెక్నీషియన్. నిన్న సాయంత్రం దాకా నమ్మకస్తుడు."

"ఏం అమ్మాడు?"

"ఏడు పేర్లు. అవతలి దేశంలో మారుపేర్లతో ఉంటున్న మన ఏడుగురి అసలు పేర్లు, అడ్రసులు. గోరు మీద పట్టేంత ప్లాస్టిక్ ముక్క మీద చెక్కాడు. ఉన్నది ఆ ఒక్క ముక్కే, కాపీ లేదు. అక్షరం లోతు పన్నెండు నానోమీటర్లు. అంటే వెంట్రుక మందాన్ని ఆరు వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క."

గునపానికి ఆ లెక్క చెవికెక్కలేదు. ఏడుగురు అన్న దగ్గరే ఆగిపోయాడు. ఆ ఏడుగురిలో మూడోవాడు అతని సొంత తమ్ముడు. శత్రువుల రాజధానిలో రెండేళ్లుగా చిన్న కొట్టు పెట్టుకుని గడియారాలు బాగుచేస్తున్నాడు. వాళ్లింట్లో నాజూకు చేతులన్నీ ఆ తమ్ముడికే వచ్చాయి.

"వాళ్లని వెనక్కి పిలిపించండి సార్. ఇవాళే."

"ఎలా పిలిపించను? నెల మొదటి తారీకున వాళ్లే మనకి మెసేజ్ పెట్టాలి. మధ్యలో కాంటాక్ట్ చేసే దారి లేదు. ఆ రూలు పెట్టింది నేనే." చీఫ్ కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. "ఇవాళ ఇరవై. అవతలివాళ్లు ఇరవై ఏడున చదువుతారు. మనకి కలిసొచ్చింది ఒక్కటే. సరుకు చేతికి రాగానే వీణ్ణి లేపేశారు. చదవగలిగినవాడు వీడొక్కడే అని తర్వాత గుర్తొచ్చింది. ఎక్కడో పాత మైక్రోస్కోప్ ఒకటి కొన్నారు, నడిపే మనిషి లేడు. సర్వీస్ ఇంజినీరు కోసం వెతుకుతున్నారని నెమలి కబురు పంపింది."

నెమలి అంటే ఆ ముఠాలో మనకున్న మనిషి. ముఠా నాయకుడికి సెక్రటరీ. ఆమె కట్టే చీరలు చూసి మగవాళ్లు మాట మర్చిపోతారని, ఆమె మాత్రం ఏ మాటా మర్చిపోదని డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకుంటారు. తమ తరఫున మన దగ్గర పనిచేస్తోందని అవతలివాళ్ల నమ్మకం. ఎవరి నమ్మకం నిజమో చీఫ్ కూడా ఒట్టేసి చెప్పలేడు.

"రెయిడ్ చేసేద్దాం."

"అడ్రసు నెమలికే తెలీదు. ఆమెనీ గంతలు కట్టే తీసుకెళ్తారట. ఆ ఇంజినీరువి నువ్వే. ముక్క మార్చేసి రావాలి."

"నాకు రేడియో రిపేరే రాదు సార్!"

"ఆరు రోజులున్నాయి. నేర్చుకో."

నేర్పే మనిషి టీచరమ్మ. అరవై దాటిన ఆవిడ, భుజాల మీద శాలువా. చచ్చిన టెక్నీషియన్ ఆవిడ శిష్యుడే. అందుకే ఆవిడ మొహం ముఠావాళ్లకి తెలుసు, ఆవిణ్ణి పంపే వీల్లేదు. నేలమాళిగలో కిటికీ లేని గది, మధ్యలో బరువైన రాతిబల్ల, దానిమీద టిఫిన్ డబ్బా అంత యంత్రం.

"నీ గురించి విన్నాను," అంది ఆవిడ. "ఇక్కడ మనం తలుపులు పగలగొట్టం బాబూ. ముందు ఆ ఊపిరి కాస్త నెమ్మదిగా వదులు."

"దీన్లో కన్ను ఎక్కడ పెట్టి చూడాలి?"

"ఎక్కడా పెట్టకూడదు. ఇది చూసే మైక్రోస్కోప్ కాదు, తడిమే మైక్రోస్కోప్. చీకట్లో గోడ తడుముకుంటూ స్విచ్ వెతుకుతాం చూడు, అలాగ." పట్టకారుతో ఒక పలుకు తీసి చూపించింది. అతనికి ఇసుక రేణువు కనిపించింది. "దీని చివర ఒక పుల్ల ఉంది. కాంటిలివర్ అంటాం. పుల్ల చివర సూది. సూది మొనలో ఉండేవి లెక్కపెట్టదగినన్ని అణువులు. ఆ మొనని ముక్క దగ్గరకి దించితే ముందు ముక్కలోని అణువులు దాన్ని లాగుతాయి. ఇంకా దగ్గరైతే తోసేస్తాయి. లాగినా తోసినా పుల్ల వంగుతుంది. ఎంత వంగిందో నీకెలా తెలుస్తుంది?"

"తెలీదు."

"పుల్ల వీపు మీద లేజర్ కొడతాం. అది ఎగిరి ఎదురుగా ఉన్న డిటెక్టర్ మీద పడుతుంది. పుల్ల పిసరంత వంగినా అక్కడ చుక్క జరుగుతుంది. చుక్క జరక్కుండా యంత్రం సూదిని పైకెత్తుతూ, కిందకి దించుతూ పోతుంది. దాన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. ఎక్కడ ఎంత దించాం, ఎంత ఎత్తాం అని గీత గీత రాసుకుంటే, అదే బొమ్మ."

"కరెంటుతో చదివే రకం ఒకటుందని విన్నాను?"

"అది దీనికి అక్కలాంటిది. సూదికీ లోహానికీ మధ్య కరెంటు దూకుతుంది, దాన్ని కొలుస్తారు. ప్లాస్టిక్‌లో కరెంటు దూకదు. అందుకే నీకు ఇదే గతి."

మొదటి రోజు గునపం తొమ్మిది సూదులు విరిచాడు. రెండో రోజు పదకొండు. మూడో రోజు ఒక బొమ్మ వచ్చిందని సంబరపడితే, అది తన కాళ్ల అదురు అని టీచరమ్మ చెప్పింది. పిడికిలితో చేయగలిగిన పని ఒక్కటీ ఆ గదిలో లేదు. ఐదు వందల పన్నెండు గీతలు, గీతకో సెకను. ఎంత తొందరున్నా ఎనిమిదిన్నర నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోవాలి. తమ్ముడి మొహం గుర్తొచ్చినప్పుడల్లా వేళ్లు వణికేవి, వేళ్లు వణికితే సూది విరిగేది.

నాలుగో రోజుకి కాంటాక్ట్ మోడ్ వచ్చింది. అంటే సూదిని ముక్క మీద ఆన్చి ఈడ్చడం. ఐదో రోజు ట్యాపింగ్ మోడ్, అంటే సూదిని డోలు పుల్లలా ఆడిస్తూ తట్టడం. అది ఎంత చెప్పినా బుర్రకెక్కలేదు.

"నువ్వు పాసవ్వలేదు," అంది టీచరమ్మ ఆరో రోజు.

"పరీక్ష రేపే కదండీ," అన్నాడు గునపం. ఆవిడకి ఆ రేపేమిటో తెలియదు.

ఇరవై ఏడో తారీకు, పొద్దున పది. గంతలు విప్పేసరికి తెల్లటి గది. కొత్త సున్నం వాసన. గునపం నీలం కోటు మీద ఏదో కంపెనీ బ్యాడ్జి, చేతిలో టూల్ కిట్, నకిలీ మీసం. కిట్‌లో మార్చడానికి ఖాళీ ప్లాస్టిక్ ముక్క. కుడి బూటు మడమలో గాడ్జెట్ విభాగం అమర్చిన వైబ్రేటర్. ముక్క మార్చడం కుదరకపోతే మడమ నొక్కాలి, నేల అదురుతుంది, బొమ్మ చెడుతుంది.

ఎదురుగా పొడుగాటి ఓవర్‌కోటులో ముఠా నాయకుడు. పక్కన నెమలి.

"ఇవాళ గాలి తేమగా ఉంది కదండీ ఇంజినీరు గారూ," అంది ఆమె. అది కోడ్.

"పొడిగాలి కంటే నయమేనండీ," అన్నాడు గునపం. అది జవాబు.

"వాతావరణం తర్వాత," అన్నాడు ఓవర్‌కోటు. "సూది పెట్టు. ముక్క నేను పెడతాను."

ఓవర్‌కోటు ముక్కని ముందే ఒక లోహపు బిళ్లకి అతికించి, జేబులోంచి తీసి, తన పట్టకారుతోనే స్టేజి మీద ఉంచాడు. గునపం చేయి అక్కడికి వెళ్లే వీలే లేకపోయింది. బల్ల మీద సూదుల డబ్బాలు రెండున్నాయి. వాటిమీద రాసింది ఏ భాషో అతనికి తెలియదు. దగ్గరున్న డబ్బా తెరిచాడు. ఒక సూది జారి ఎక్కడో పడింది. రెండోదీ అంతే. మూడోది కుదిరింది. లేజర్ సరిచేశాడు. ఓవర్‌కోటు యంత్రం మీద అద్దాల పెట్టె దించి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"ధూళి పడకుండా," అన్నాడు.

ఇక మిగిలింది మడమ. గునపం నొక్కాడు. అరికాలు జివ్వుమంది. స్క్రీన్ మీద గీత తొణకలేదు. మళ్లీ నొక్కాడు. అప్పుడు చూశాడు, యంత్రం ఉన్న బల్ల నేల మీద లేదు. నాలుగు కాళ్లలోనూ గాలి నింపిన దిండ్లు. నేల ఎంత అదిరినా పైకి పాకదు. ఇలాంటి యంత్రం ఏ బల్ల మీద పెడతారో గాడ్జెట్ విభాగం వాళ్లు టీచరమ్మని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

"కాలు తిమ్మిరా?" అన్నాడు ఓవర్‌కోటు, పిస్తోలు అతని మెడకి ఆనించి. "మొదలుపెట్టు."

గునపం ఆలోచించాడు. నడపనంటే చంపుతారు. చంపి రేపు ఇంకో ఇంజినీరుని తెస్తారు. ముక్క మాత్రం అలాగే ఉంటుంది. తను చచ్చినా తమ్ముడు బతకడు. జీవితంలో మొదటిసారి అతనికి పగలగొట్టడానికి తలుపు కనపడలేదు. కాంటాక్ట్ మోడ్ నొక్కాడు, ఎందుకంటే అతనికి వచ్చింది అదొక్కటే. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

స్క్రీన్ మీద బొమ్మ పైనుంచి కిందికి ఒక్కొక్క గీతే దిగుతోంది. పదో గీత. ఇరవయ్యో గీత. మొదటి పేరు మొదలవ్వాల్సిన చోట ఒక తలకట్టు లాంటిది కనిపించింది. నెమలి అతనికేసి చూసింది. ఏదో ఒకటి చెయ్యమని ఆ చూపు. ఏం చెయ్యను తల్లీ అన్నట్టు చూశాడు ఇతను. మూడో పేరు ఇంకో రెండు నిమిషాల్లో వస్తుంది. చిన్నప్పుడు ఆ పేరు పలకమీద దిద్దించింది తనే. ఏడుపొచ్చింది. మీసం ఊడుతుందని ఆపుకున్నాడు.

తలకట్టు కింద అక్షరం రాలేదు. ఒక చాలు వచ్చింది. దాని కింద ఇంకో చాలు. దుక్కి దున్నిన చేనులా బొమ్మంతా చాళ్లే.

ఏం జరిగిందో గునపానికి తెలియదు. పాఠకులకి దాచడమెందుకు? ఆ రెండు డబ్బాల్లో ఒకటి కాంటాక్ట్ మోడ్‌కి పెట్టే మెత్తటి పుల్లలది, రెండోది ట్యాపింగ్‌కి పెట్టే గట్టి పుల్లలది. కంటికి రెండూ ఇసుకే. మనవాడు గట్టి పుల్ల పెట్టి, మెత్తటి పుల్లని ఈడ్చినట్టు ఈడుస్తున్నాడు. మెత్తటి పుల్ల అయితే వంగి ఊరుకుంటుంది. గట్టి పుల్ల వంగదు, గీకుతుంది. సూది చదవడానికి వెళ్లిన ప్రతి అక్షరాన్నీ చెక్కేసుకుంటూ పోతోంది. అలవాటున్న ఏ ఇంజినీరూ చేయని తప్పు అది. ఆరు రోజుల శిష్యుడే చేస్తాడు.

"ఏంటిది?" అన్నాడు ఓవర్‌కోటు.

"మొదటి స్కాన్ ఎప్పుడూ ఇంతేనండీ," అని నీళ్లు నమిలాడు గునపం.

"మళ్లీ."

రెండోసారికి చాళ్లు తగ్గాయి. మూడోసారికి బొమ్మ అలికినట్టు నున్నగా వచ్చింది. పేర్లు లేవు, అడ్రసులు లేవు, ఏమీ లేవు. గునపం స్క్రీన్‌కేసి నోరు తెరుచుకుని చూశాడు. ఆ ఆశ్చర్యంలో నటన ఇసుమంత కూడా లేదు. బహుశా అదే అతన్ని సగం కాపాడింది.

"నువ్వే ఏదో చేశావ్!" పిస్తోలు క్లిక్‌మంది.

"కాల్చండి," అంది నెమలి చల్లగా. "కాల్చాక పైవాళ్లకి ఏం చెప్తారు?"

ఓవర్‌కోటు ఆగాడు.

"రాసినవాణ్ణి మీరే చంపించారు. చదివినవాణ్ణీ మీరే చంపారు. ముక్క చూస్తే ఖాళీ. పైవాళ్లు ఎవరి మొహం చూస్తారు? ఆ చచ్చినవాడే ఖాళీ ముక్క అంటగట్టి పోయాడని చెప్పడానికి మనకో సాక్షి కావాలి కదండీ. ఈయన బతికుంటేనే సాక్షి."

ఓవర్‌కోటు వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. గునపం కళ్లు మూసుకున్నాడు. ఆ క్షణంలో కూడా అతను చేయగలిగింది ఏమీ లేదు.

పిస్తోలు మెడ మీంచి జరిగింది.

"సర్వీస్ రిపోర్టు రాయి," అన్నాడు ఓవర్‌కోటు బొంగురుగా. "యంత్రం బాగుంది, ముక్క ఖాళీ అని రాయి. కింద నీ ఫోన్ నంబరు వెయ్. పైవాళ్లు అడిగితే నువ్వే చెప్పాలి."

గునపం రాశాడు. ఆ నంబరుకి ఫోన్ చేసినందుకే నాలుగు రోజుల తర్వాత ఓవర్‌కోటు, ఆయన పైవాళ్లు ఇద్దరు మన చేతికి చిక్కారు. యంత్రమూ దొరికింది, అందులో ఇంకా ఆ గట్టి పుల్లే ఉంది.

ఒకటో తారీకున ఏడు మెసేజ్‌లు వచ్చాయి. మూడోది చీఫ్ పైకి చదవకుండా గునపం చేతికిచ్చాడు. మామూలు మాటలే. గడియారాలు బాగానే తిరుగుతున్నాయి, చలి ఎక్కువగా ఉంది, మందపాటి స్వెటర్ కొనుక్కున్నాను అని ఉంది. గునపం ఆ కాగితం పట్టుకుని కుర్చీలో కూలబడి, నకిలీ మీసం లేదు కాబట్టి, మనసారా ఏడ్చాడు.

"గొప్పగా చేశావయ్యా," అన్నాడు చీఫ్. "కావాలనే గట్టి పుల్ల పెట్టావని రిపోర్టులో రాస్తున్నాను. మెడల్ వస్తుంది."

"నేనేం చేయలేదు సార్. ఊరికే కూర్చున్నాను. నాకు చేతకాబట్టి కాదు, చేతకాకే మా తమ్ముడు బతికాడు."

"అది రిపోర్టులో రాయలేం."

ఆ సాయంత్రం నేలమాళిగలో టీచరమ్మ యంత్రం సంగతి మొత్తం విన్నది. తమ్ముడి సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు, చెప్పే వీల్లేదు. ఆవిడకి వినిపించింది ఒక్కటే.

"ట్యాపింగ్ పుల్లతో కాంటాక్ట్ చేశావా!" అని తల పట్టుకుంది. "నా దగ్గర ఆరు రోజులు కూర్చుని! ఎవరికైనా చెప్పుకుంటే నా పరువేం కాను? సోమవారం పొద్దున తొమ్మిదికి రా. మళ్లీ మొదట్నించీ."

గునపం ఎన్నో దేశాల్లో ఎందరి చేతుల్లోంచో తప్పించుకున్నవాడు. సోమవారం మాత్రం తొమ్మిదికి పది నిమిషాల ముందే వెళ్లి, నోట్‌బుక్ పట్టుకుని, తలుపు మెల్లగా తట్టాడు.