ఏడుపు చౌకీ

హిందీ సీమలో ఉన్న మా బచేలి గనుల టౌన్‌షిప్ వెనక కొండల్లో ఒక చౌకీ ఉంది. ఎప్పుడో అడవి కాపలావాళ్ళ కోసం రాళ్ళతో కట్టిన ఒంటి గది. ఏ కొండ మీదో మాత్రం అడక్కండి, చెప్పను.

దాన్ని అందరూ ఏడుపు చౌకీ అంటారు. చీకటి పడ్డాక లోపలినుంచి ఆడమనిషి ఏడుపు వినిపిస్తుంది. ఆగి చూస్తే రాళ్ళు వచ్చి పడతాయి. కట్టెలకు వెళ్ళేవాళ్ళు పొద్దు వాలకముందే ఆ దారి దాటేస్తారు... వెనక్కి తిరిగి చూడరు.

నాకీ సంగతి చెప్పింది మా పక్క క్వార్టర్ ఇంద్రాణి. ఆమె బడిలో సైన్సు టీచరు. భర్త అప్పారావుది గనిలో పని. ఏటా డిసెంబర్లో ఇద్దరూ వీపున బ్యాగులు తగిలించుకుని రెండు మూడు రోజులు కొండలు తిరిగొచ్చేవారు.

ఆ ఏడు గుడారం కొనే దగ్గరే పేచీ మొదలైంది. పాతది మూడున్నర కిలోలు. అప్పారావుకి నడుం నొప్పి. "బరువూ తగ్గాలి, ధరా తగ్గాలి," అన్నాడు. ఇంద్రాణి మంచి టార్పాలిన్ ఒకటి చాలంది. రెండు చెట్లకు తాడు కట్టి కప్పుకుంటే చాలు, చిరిగినా కుట్టుకోవచ్చు. ఆయన వినలేదు. వారం రోజులు ఫోన్లో వెతికి ఒంటిపొర గుడారం తెప్పించాడు. కిలో కూడా లేదు. కమ్మీలుండవు, నడిచే చేతికర్రనే మధ్యలో నిలబెట్టాలి. మడిస్తే సొరకాయంత.

"కుట్ల మీద జిగురు మనమే పూసుకోవాలట, కాగితంలో రాశాడు," అంది ఇంద్రాణి. "ఒకసారి పెరట్లో వేసి, పైపుతో నీళ్ళు కొట్టి చూద్దామండీ."

"డిసెంబర్లో వానేంటే, పిచ్చిదానా!" అని నవ్వేశాడు.

రెండో రోజు సాయంత్రానికి వాళ్ళు కొండ కొసన ఉన్నారు. అక్కడ ఫోన్లు పనిచేయవు. సముద్రంలో వాయుగుండం పట్టిందన్న సంగతి వాళ్ళకు తెలియదు. లోయంతా కనిపిస్తుందని అప్పారావు బట్టబయల్లో గుడారం వేశాడు. కింద వంద గజాల్లో ఏడుపు చౌకీ.

"చెట్ల కిందికి పోదామండీ," అంది ఇంద్రాణి.

ఆమె మాట పూర్తవకముందే — ఠప్పుమని ఒక రాయి వచ్చి గుడారం పక్కన పడింది.

తర్వాత ఇంకొకటి.

ఆ తర్వాత ఏడుపు... సన్నగా మొదలై, సాగి సాగి, గొంతు చిరిగినట్టు ఆగింది.

అప్పారావు ఈసారి నవ్వలేదు. మూట కట్టుకుని దిగిపోదామనుకున్నారు. కానీ అప్పటికే మంచు కమ్మేసింది. అడుగు తీసి అడుగు వేస్తే లోయ. గుడారంలో దూరి, జిప్ లాక్కుని కూర్చున్నారు.

ఎనిమిదింటికి వాన మొదలైంది.

మొదట కుట్ల దగ్గర ఒక్కో చుక్క. అప్పారావు రుమాలు అడ్డం పెట్టాడు. తర్వాత ధార. నిద్రసంచులు తడిసి బరువెక్కాయి. గాలి గుడారాన్ని పట్టి గుంజుతుంటే మేకులు ఒక్కొక్కటే ఊడొచ్చాయి. అప్పారావు బయటికెళ్ళి రాళ్ళు ఎత్తాడు, తాళ్ళు పట్టుకుని గంటసేపు వానలోనే నిలబడ్డాడు. చివరికి కర్ర కొస దగ్గర బట్ట పర్రుమని చిరిగింది. అంతే... ఇక గుడారం లేదు. ఇద్దరు మనుషులూ, ఒక తడిగుడ్డా మిగిలారు.

ఆయన పళ్ళు టకటకలాడుతున్నాయి. ఇంద్రాణి ఆ గుడ్డనే చుట్టి ఒళ్ళోకి లాక్కుంది. కొంతసేపటికి వణుకు ఆగింది. తగ్గిందనుకుంది.

"ఇందూ... ఉక్కగా ఉందే," అన్నాడు. నాలుక మడత పడుతోంది. స్వెట్టర్ విప్పబోతున్నాడు.

చలికి మనిషి చచ్చిపోయే ముందు అలాగే అంటాడని ఆమెకు తెలుసు. పుస్తకంలో చదివింది, పిల్లలకు పాఠం చెప్పింది.

కప్పున్నది ఆ కొండ మీద ఒక్కటే, ఆ చౌకీ.

ఆయన చంకల కింద చేతులు వేసి ఈడ్చుకుంటూ కిందికి దిగింది. టార్చి నీళ్ళలో పడి ఆరిపోయింది. పడుతోంది, లేస్తోంది. ఇరవై గజాల్లో ఉండగా మళ్ళీ ఏడుపు — ఈసారి చెవి పక్కనే ఉన్నట్టు. ఒక రాయి ఆమె భుజానికి తగిలింది.

ఇంద్రాణి ఆగలేదు. ఆగితే ఆయన లేడు.

"నన్ను తిను!" అని అరిచింది, తెలుగులోనే, ఏడుస్తూ. "నన్ను తిని ఆయన్ని వదిలెయ్! ఒక్క రాత్రి ఆ గోడ పక్కన చోటియ్... నీకు దణ్ణం పెడతా!"

ఏడుపు ఆగిపోయింది.

వాన చప్పుడొక్కటే. తర్వాత చీకట్లోంచి గుసగుసగా ఒక గొంతు...

"ఏంది, గాడనే నిలవడ్డవ్? లోపలికి గుంజుకురా."

దెయ్యం తెలుగు మాట్లాడుతుందని ఎవరూ చెప్పలేదు మరి. ఇంతలో ఎముకల్లాంటి రెండు చేతులు అప్పారావు కాళ్ళు పట్టుకున్నాయి. చల్లటి చేతులు కావవి, వెచ్చటివి.

లోపల మూడు రాళ్ళ మధ్య నిప్పులున్నాయి. ఆ వెలుగులో ఒక ఆడమనిషి కనిపించింది — యాభై ఏళ్ళుంటాయేమో, చింపిరి జుట్టు, నుదుటి మీద పాత గాయం మచ్చ.

"తడిబట్టలు ఇప్పు. సిగ్గువడకు," అంది ఆ మనిషి. గోనెసంచులు కప్పింది. అప్పారావుకి ఒక పక్క ఇంద్రాణిని పడుకోబెట్టి, ఇంకో పక్క తను ఆనుకుని పడుకుంది. ఆయనకు తెలివి వచ్చాక గుక్కెడు గుక్కెడు వేడి జావ తాగించింది. తెల్లారుతుండగా అప్పారావు మళ్ళీ వణకడం మొదలుపెట్టాడు. ఆ వణుకు చూసి, ఇక బతికాడని ఇంద్రాణి భోరుమంది.

ఆమె పేరు మాసే. కోంటా వైపు దోర్ల అనే గిరిజన తెగ ఆడపడుచు. ఆ వైపువాళ్ళు తెలుగూ మాట్లాడతారు.

"మొగడు సచ్చిపోయిండు. పొలం కోసం మరుదులు నన్ను టోన్హీ అన్నరు," అంది మాసే. టోన్హీ అంటే మంత్రగత్తె. "తలకాయ పగలగొట్టిన్రు. రాత్రికి రాత్రి ఉరికిన. ఈడ దెయ్యముందని జనం రారని ఇన్న. గా దెయ్యం నేనే అయిన. ఏడుస్త, రాళ్ళేస్త. రెండేండ్లాయె."

అంతవరకు మామూలుగానే మాట్లాడింది. అప్పారావు లేచి కూర్చోగానే ఒక్కసారిగా ఆయన కాళ్ళ మీద పడింది.

"కిందికి పోయి చెప్తవా, అయ్యా? చెప్తే నన్ను సంపుతరు."

అప్పారావు ఆమెను లేవదీశాడు.

దిగుతుంటే దారిలో ఇర్మా అనే ముసలామె ఎదురైంది, కట్టెలకు వస్తూ. వీళ్ళు ఎటునుంచి వస్తున్నారో చూసి నెత్తిమీది తాడు జారవిడిచింది. "రాత్ భర్... రాత్రంతా అక్కడేనా? చూశారా?"

"చూశాం," అన్నాడు అప్పారావు. పుట్టి బుద్ధెరిగాక దెయ్యాల్లేవని వాదించిన మనిషి. "ఇదిగో, మా ఆవిడ భుజం చూడు. చంపేసేదే!"

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఆ దంపతులు నెలకోసారి కొండెక్కారు. వీళ్ళకిదేం పిచ్చి అని టౌన్‌షిప్పంతా నవ్వింది. బ్యాగుల్లో బియ్యం, ఉప్పు, మందు గోళీలు ఉండేవని ఎవరికి తెలుసు? మొదటిసారే ఇంద్రాణి తను కోరిన టార్పాలిన్ కొని, కారుతున్న చౌకీ కప్పు మీద పరిచొచ్చింది.

నిరుడు మాసే అక్క కూతురి ఆచూకీ భద్రాచలం వైపు దొరికింది. రమ్మంది. ఇంద్రాణే తీసుకెళ్ళి బస్సెక్కించింది. బస్సు కదలబోతుంటే మాసే కిటికీలోంచి చెయ్యి పట్టుకుందట.

"అమ్మా, నేను పోయినంక జనం గాడికి మల్ల వస్తరు. నా అసుంటిది ఇంకొకతె ఉరికొస్తే యాడ దాక్కుంటది? నెలకొక్కపారి పోయి జర ఏడ్వరాదు?"

ఇదంతా చెప్పి ఇంద్రాణి ఆగింది. ఆమెకు గొంతు ఆపరేషను అయింది. డాక్టరు మూడు నెలలు గట్టిగా మాట్లాడొద్దన్నాడు.

నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది...

"ఈ నెల నువ్వు వెళ్తావా?"