పెన్సిల్ దిద్దుబాట్లు

ఆ శనివారం పొద్దున జోంబా పట్నంలో చినుకు పడుతోంది. మార్కెట్ నుంచి వచ్చిన నాచిసాలే గొడుగు మడిచి, వేరుశెనగల పొట్లం విప్పి గింజల్ని పళ్లెంలో పోసింది. భర్త మ్సోసా మాస్టారు జావ తాగుతున్నాడు. పల్లె ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకి విశ్వవిద్యాలయం నడిపే దూరవిద్యలో పదకొండేళ్లుగా ఆయన రాసిన పుస్తకమే పాఠం.

"ఏమండీ, ఈ పొట్లం మీ పుస్తకం కాగితమే. పక్కన మీ చేతిరాత కూడా ఉంది."

"ఏ పేజీ?"

"పసిపిల్లల మలేరియా మందు. పది మిల్లీలీటర్లని అచ్చయింది. మీరు పది కొట్టేసి, పెన్సిల్‌తో ఒకటి అని రాశారు."

మాస్టారి చేతిలో చెంచా ఆగిపోయింది. అది అచ్చాఫీసు వాళ్ల పొరపాటు. అప్పటికే వేల ప్రతులు వేసేశారు. అందుకే ఏటా కొత్త విద్యార్థులు వచ్చిన మొదటిరోజు, ఆయన అందరి చేతా పుస్తకాలు తెరిపించి నలభై చోట్ల దిద్దించేవాడు. పుస్తకాలు విశ్వవిద్యాలయానివి, సిరా తగలకూడదు కాబట్టి పెన్సిల్. ఈ ఏడాది ఆ తరగతే లేదు. పాఠాలన్నీ ఫోన్లలోకి వెళ్తున్నాయి. ఎక్కించే పని కూతురు టకోండ్వాది. ఆయన తను దిద్దుకున్న సొంత ప్రతినే ఆమెకిచ్చాడు.

"టకోండ్వా, ఇలా రా. నువ్వెక్కించిన పాఠంలో పిల్లల మందు పది ఉందా, ఒకటి ఉందా?"

సగం అల్లిన జడతో వచ్చిన టకోండ్వా ఫోన్ తీసి చూసింది.

"పది ఉంది నాన్నా. స్కాన్ చేసేటప్పుడు మరకలు పోయే మీట నొక్కాను. పెన్సిల్ గీతల్ని కూడా మరకలనుకుని తుడిచేసినట్టుంది."

"మరి నా పుస్తకం?"

"పేజీలు విడివిడిగా ఉంటేనే ఆ యంత్రం తీసుకుంటుంది. కుట్టు కోసేశాం. తర్వాత వేరుశెనగలమ్మే ఆవిడ అడిగితే ఇచ్చేశాను."

"పొట్లాలకిచ్చావా? ఆ మందు పదింతలు పోస్తే పసివాడి గుండె ఆగిపోతుందే."

ఆ రోజు పన్నెండింటికి దూరవిద్య కేంద్రాల్లో విద్యార్థులంతా పాఠాన్ని ఫోన్లలోకి దించుకుంటారు. ఊళ్లకి వెళ్లాక సిగ్నల్ ఉండదు, ఇంకేదీ చేరదు. అప్పటికే పదకొండు దాటింది. భయం టకోండ్వాకి కోపమై వచ్చింది.

"అంతా నా మీదకే తొయ్యకు నాన్నా. ఎక్కించే ముందు కాగితాల మీద తీసి నీకే తెచ్చిచ్చాను. వారం ఉంచుకున్నావు. ప్రతి పేజీకీ సరిగ్గా ఉందని సంతకం పెట్టావు. చదవకుండానే పెట్టావా?"

మాస్టారు నీళ్లగ్లాసు కోసం చెయ్యి చాపాడు. గ్లాసు ఎదురుగానే ఉంది. చెయ్యి మాత్రం జానెడు పక్కకి వెళ్లి బల్లని తడుముకుంది.

తండ్రి బద్ధకమని చెప్పి పేపరు తన చేత చదివించుకున్న నెలలన్నీ టకోండ్వాకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"వానలకి ముందునుంచి. చెబితే ఉద్యోగం తీసేస్తారు. ఈ ఇల్లూ విశ్వవిద్యాలయానిదే. మీ అమ్మని ఎక్కడ ఉంచను?"

నాచిసాలే వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "ముప్పై ఏళ్ల కాపురమండీ. నాకూ చెప్పలేదు," అంది.

టకోండ్వా విశ్వవిద్యాలయం ఆఫీసుకి ఫోన్ చేసింది. తప్పంతా తనదేనని, పాఠం ఆపమని బతిమాలింది.

"రాసినాయన సంతకం ఉందమ్మా. ఆయన చెబితే తప్ప నీ మాట మీద ఆపలేను," అన్నాడు ఆఫీసరు.

"నువ్వు మాట్లాడకు నాన్నా. ఇంకేదైనా దారి చూస్తాను."

"ఇటియ్యి," అని మాస్టారు చెయ్యి చాపాడు. "మ్సోసాని మాట్లాడుతున్నాను. పాఠం ఆపండి. ఆ సంతకాలు నేను చదివి పెట్టినవి కావు. నాకు కళ్లు కనిపించడం లేదు."

ఆఫీసరు రెండే ముక్కలు చెప్పి పెట్టేశాడు.

"ఆపేశారు. సోమవారం వచ్చి కనబడమన్నారు."

సోమవారం ఏం జరుగుతుందో ముగ్గురికీ తెలుసు. టకోండ్వా తండ్రి మోకాళ్ల మీద తలపెట్టి ఏడ్చింది. సగం అల్లిన జడని ఆయన తడిమి తడిమి నిమిరాడు.

"తర్వాత ఏడుద్దువు గానీ. నలభై దిద్దుబాట్లూ నాకు కంఠతా వచ్చు. ఫోన్లో పాఠం మొదటి పేజీ నుంచి చదువు, దిద్దుకుంటూ పోదాం."

నాచిసాలే కళ్లు తుడుచుకుంది. పొట్లం కాగితాన్ని ఒళ్లో పరిచి, ఉప్పు దులిపి, ముడతలు సాపుచేసింది.

"ఈ పేజీ నేను చదువుతానండీ."

"ఒకటి అని స్పష్టంగా ఉందా?"

"ఉందండీ."